టమాటా మొక్క మొదట్లో కొలువున్న గుడ్డు పెంకు గారికి

శ్రీయుత గుడ్డు పెంకు గారికి, హన్మకొండ మిద్దె తోటల తరఫున నమస్కారములు.

తమరు క్షేమమేనని మాకు తెలుసు. నిరుడు టమాటా పెట్టిన సంచిని మొన్న బోర్లిస్తే ముందు బయటపడింది తమరే. వేసిననాటి తెల్లదనం అట్లనే ఉంది. విరిగిన అంచు విరిగినంత పదునుగానే ఉంది. లోపలి పలచటి పొర ఒక మూలన ఇంకా అంటుకునే ఉంది. రోహిణి కార్తె ఎండ, శ్రావణం ముసురు, దఫదఫాలుగా పోసిన పశువుల ఎరువు, ఏదీ తమరిని కదిలించలేదు. ఇంతటి మొండిఘటాన్ని "మెల్లగా కరిగి మొక్కకు బలమిస్తుంది" అని ఊరంతా పొగుడుతుంటే తమరికి నవ్వు రావట్లేదా?

ఈ లేఖకు కారణం మొన్నటి ఆదివారం మధ్యాహ్నం. విత్తనాలు మార్చుకుందామని పదిమంది కూడారు. పొట్లాలు విప్పబోతుండగా ఒక వదిన చేతిసంచిలోంచి టమాటా తీసి చూపించింది. అడుగున రూపాయి బిళ్లంత నల్ల మచ్చ. ఇక చూడాలి.

"కాల్షియం తక్కువైంది వదినా, గుడ్డు పెంకులెయ్యి."

"వేసిన."

"ఎన్ని?"

"ఆరు."

"ఆరేం సరిపోతయి, పన్నెండెయ్యి."

"దంచి వేసినవా, అట్లనే వేసినవా? కడిగినవా?"

"కడిగితే బలం పోతది కదా!"

దంచాలా, మిక్సీ పట్టాలా, కాల్చాలా, మూడు రోజులు నానబెట్టి ఆ నీళ్లు పోయాలా అని పొద్దుగూకేదాకా తమరి మీదే చర్చ. చిక్కుడు, బీర, చపాటా మిర్చి గింజలు పొట్లాల్లోనే ఇళ్లకు తిరిగి పోయాయి. "నీళ్లు ఎప్పుడెప్పుడు పోస్తున్నవ్?" అని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు.

సరే, తమరి బయోడేటా ఒకసారి చూద్దాం. ఎండిన పెంకు ఒకటి 5, 6 గ్రాములు తూగుతుంది. అందులో 95 శాతం దాకా కాల్షియం కార్బొనేట్. లెక్కకు 2 గ్రాముల కాల్షియం తమరి దగ్గర ఉన్నట్టే, కాదనం. కానీ కాల్షియం కార్బొనేట్ కరగాలంటే పులుపు తగలాలి. వెనిగర్‌లో వేస్తే బుసబుసమని పొంగుతారు, బోరు నీళ్లలో వేస్తే మునిగి కూర్చుంటారు. ఆమ్ల నేలలున్న చోట పిండి చేసి కలిపితే తమరికి ఎంతో కొంత పని దొరుకుతుంది. మన నల్లరేగడి అట్లాంటిది కాదు. దానిది క్షార గుణం, తవ్వితే సున్నపు గులకలే తగులుతాయి. ఆ మట్టి తెచ్చి సంచి నింపిన ఇంట్లో తమరికి ఉద్యోగం ఖాళీ లేదు.

నీళ్ల సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. బోరు నీళ్లు పట్టే బకెట్ అంచుకు, గీజర్ కాయిల్‌కు తెల్లగా పేరుకునే పెచ్చు తమరి చుట్టమే. ఎక్కువ భాగం అదే కాల్షియం కార్బొనేట్. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో కాల్షియానికి లీటరుకు 75 మిల్లీగ్రాములు హద్దు. వేరే నీళ్లకు దిక్కు లేకపోతే 200 దాకా ఒప్పుకుంటారు. మధ్యస్తంగా 100 అనుకుందాం. ఎండాకాలంలో కాయల మీదున్న టమాటాకు రోజుకు 2 లీటర్లు పోస్తే పది రోజుల్లో 2 గ్రాముల కాల్షియం పోసినట్టు. అదీ కరిగిన రూపంలో, నేరుగా వేరు దగ్గరికి. తమరు ఏ కాలానికో ఇస్తానంటున్నదాన్ని బోరు పది రోజులకోసారి ఇచ్చిపోతోంది, ఎవరి పొగడ్తా అడగకుండా.

మరి మట్టిలో అంత కాల్షియం ఉండగా కాయ అడుగెందుకు నల్లబడుతుంది? సరుకు గోదాములో ఉంది, బండే రాలేదు. కాల్షియం మొక్కలో నీళ్లతో పాటే పైకి పోతుంది. ఒకసారి ఆకులో దిగిందంటే మళ్లీ లేచి కాయలోకి రాదు. ఎండకు ఆకు తడిని ఆవిరి చేస్తూ నీళ్లను గుంజుతూనే ఉంటుంది. నున్నటి తోలున్న కాయకు ఆ గుంజుడు లేదు. కాయలోనూ తొడిమ వైపు ముందు అందుతుంది, ఆఖరున అడుగుకు. సంచి మధ్యాహ్నానికి ఎండి, సాయంత్రం తడిసి, మర్నాడు మళ్లీ ఎండితే కోత పడేది ఆ ఆఖరు భాగానికే. పైగా ఇదంతా పిందె పడ్డ మొదటి రెండు వారాల్లో, కాయ గోళీ సైజు నుంచి ఉరుకులు పెట్టేటప్పుడే జరిగిపోతుంది. మచ్చ కంటికి కనబడేది తర్వాత.

మచ్చను కూడా ఎవరూ సరిగ్గా చూడరు. పొడిగా, తోలులాగా, లోపలికి గుంటపడి ఉంటుంది. వాసన ఉండదు, పురుగు బొక్క ఉండదు. మెత్తబడి వాసన కొడితే అది వేరే కుళ్లు. పైన తొడిమ చుట్టూ తెల్లబడి ఎండితే అది ఎండదెబ్బ. అడుగు నల్లబడటం అంటుతెగులు కాదు, పక్క మొక్కకు పోదు. ఆ కాయ బాగుపడేది లేదు కాబట్టి తెంపేసి, నల్ల ముక్క కోసి పారేసి, మిగతాది పప్పులో వేసుకోవచ్చు.

ఇక అసలు ముచ్చటకొస్త. ఇప్పటిసంది తమరు లేదు గిమరు లేదు.

నువ్వు చేసే మోసమేందో చెప్త, విను. అడుగు నల్లబడేది ఎక్కువగ మొదటి గుత్తికే. అప్పటికి వేర్లు చిన్నగుంటయి, పైన ఆకు మీద ఆకు తొడుగుతుంటది. మచ్చ కనబడంగనే ఇంటామె బెదురుతది. నిన్ను తెచ్చి మొదట్ల పోస్తది. పోసినందుకు పొద్దుమాపు వచ్చి మొక్కను చూస్తది. చూసినప్పుడల్ల చెంబెడు నీళ్లు పోస్తది. అటెన్క వేర్లు సంచి నిండ పారుతయి. రెండో గుత్తి, మూడో గుత్తి నున్నగ, నిగనిగలాడుకుంట వస్తయి. పేరెవరికి? నీకు! నీళ్లు పోసిన చేతికి లేదు, పారిన వేరుకు లేదు. ఒక్క రవ్వ కరగకుంట మట్టి మీద కాలు మీద కాలేసుకొని కూసున్నందుకు కీర్తంత నీకే. ఆ కీర్తి పక్కింటికి పోతది, కాజీపేటకు పోతది, జనగామల ఉన్న చిన్నమ్మ దాంక పోతది. "మాకు పనిచేసిందక్కా, నువ్వు గూడ వేసి చూడు." పనిచేసింది పెంకు కాదు తల్లీ, చెంబు!

"పోనియ్, పెంకుతోటి నష్టమైతే లేదు కదా" అంటరు. ఎందుకు లేదు? శివరాత్రి దాటినంక ఎండ ముదురుతది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి గూడ చల్లబడకపోతే టమాటా పూత నిలువది. వేసంగి మొక్కకు నాలుగైదు గుత్తులు దక్కుడే గగనం. నువ్వు కరుగుతవని ఎదురుచూసుకుంట, సంచి మిట్టమధ్యాహ్నం ఎండుతున్న సంగతి చూడకుంట రెండు గుత్తులు పోగొట్టుకుంటే మిగిలేదేముంది? అప్పటికీ ఎవరూ నిన్ను అనుమానించరు. ఇంకో డజను వేస్తరు.

నీ తోడుదొంగల సంగతి గూడ ఒక మాట. ఎప్సమ్ సాల్ట్ అంటే మెగ్నీషియం సల్ఫేట్. దాంట్ల మెగ్నీషియం వేరు దగ్గర కాల్షియంతోటే పోటీకి దిగుతది, అడుగు నల్లబడ్డ మొక్కకు పోస్తే ఇంకిన్ని కాయలు నల్లబడొచ్చు. అరటితొక్క నీళ్లతోటి మొక్కకు వచ్చేది తక్కువ, ఈగలొచ్చేది ఎక్కువ. వేపనూనె పాపం మంచిదే, కని పురుగే లేని కాడ దాన్నెందుకు కొడతరో దానికే తెల్వది. కాయలున్నప్పుడు పిడికెడు యూరియా, పచ్చి కోళ్ల ఎరువు పోసేటోళ్లకైతే వేరే లేఖ రాయాలె. వాటిల నుంచి వచ్చే అమ్మోనియం కాల్షియాన్ని సరిగ్గ లోపలికి రానియ్యది, ఆకేమో గుబురుగ పెరిగి వచ్చిన నీళ్లన్నీ తనదిక్కే గుంజుకుంటది.

మా మాట ఎవరూ వినరు, నీకైతే పలుకుబడి ఉంది. నీ నోటితోనే చెప్పు. ఒక్క టమాటాకు తక్కువల తక్కువ 12 బై 12 అంగుళాల సంచి కావాలె, అంచుల దాంక నింపితే సుమారు 20 లీటర్ల మట్టి పడ్తది. పెయింట్ డబ్బల రెండు మొక్కలు కుక్కి అడుగు నల్లబడ్డదని ఏడిస్తే నువ్వూ ఏం జెయ్యలేవు, నేనూ ఏం జెయ్యలేను. సంచిని వట్టి స్లాబు మీద పెట్టొద్దు, కింద రెండు ఇటుకలెయ్యాలె. కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు, కలుపుతే ముందు మూడుసార్లు మంచిగ కడిగి పిండాలె, దాంట్ల ఉప్పుంటే వేరు నీళ్లు గుంజలేది. మట్టి మీద వరిగడ్డి రెండు మూడు అంగుళాల మందం పరిచి, కాండానికి రెండు వేళ్ల ఎడం ఇడవాలె. వరంగల్ చుట్టుపక్కల వరిగడ్డికి కరువా?

నీళ్లు పొద్దుగాల పొయ్యాలె, అడుగు బొక్కల నుంచి కొంచెం కారేదాంక. గొట్టంల నిలిచిన మొదటి నీళ్లు ఎండకు సలసల కాగుతుంటయి, అవి పక్కకు వదిలిపెట్టాలె. సాయంత్రం వేలు రెండు కణుపులు దించి చూసి, పొడిగుంటే మళ్ల పొయ్యాలె. ఒకపూట మర్చిపొయ్యి తెల్లారి రెండింతలు పోసుడు పనికిరాదు, రోగానికి మూలమే అది. మార్చి ఆఖరుకొస్తే మధ్యాహ్నం ఎండకు 50 శాతం షేడ్‌నెట్ కట్టాలె. ఆకు ఆవిరి తగ్గితే కాయ వాటా కాయకు అందుతది.

కాల్షియం నిజంగనే తక్కువయ్యే ఇండ్లు గూడ ఉంటయి, కాదన. మట్టి లేకుంట కోకోపీట్ మీదనే పెంచి, ఏసీ నీళ్లో, ఆర్వో మంచినీళ్లో పోసేటోళ్లకు కొరత రావచ్చు. వాళ్లకు గూడ నువ్వు అక్కరకు రావు, జిప్సం వస్తది, అంటే కాల్షియం సల్ఫేట్. జిప్సం లీటరు నీళ్లల్ల రెండు గ్రాముల దాంక కరుగుతది, పులుపు అడగది. 20 లీటర్ల సంచికి ఒక పెద్ద చెంచా పైమట్టిల కలిపి నీళ్లు పోస్తే సాలు. పల్లి రైతునడుగు, నీకు తెలివొస్తది. ఊడలు దిగే యాళ్లకు ఎకరానికి 200 కిలోల జిప్సం మొదళ్లల్ల వేస్తడు. ఎందుకంటే మట్టిల ఉన్న పల్లికాయకు ఆవిరి లేదు, వేరు గుంజిన కాల్షియం దానిదాంక రాదు, కాయ తోలుతోటే మట్టిల నుంచి పీల్చుకోవాలె. టమాటా కష్టం ఏందో పల్లి చేనుకు ఎప్పుడో తెలుసు. మిద్దె మీద మనకే ఇంకా తెల్వది.

కాల్షియం స్ప్రే కొడతమనేటోళ్లకు గూడ చెప్పు. ఆకు మీద పడ్డది ఆకులనే ఉంటది. కాల్షియం నైట్రేట్ లీటరుకు 3 గ్రాములు కలిపి, ఎండ తగ్గినంక, లేత పిందెల మీద పడేటట్టు కొడితే కొద్దిగ ఆసరా. గంతే. సంచి ఎండుతుంటే అదీ దండగనే.

నీ మిగిలిన కొలువులు గూడ అంతంత మాత్రమే. నత్తలకు కంచె అన్నరు, నత్తలు నీ మీదికెళ్లే దాటిపోతున్నయి. అరపెంకుల నారు పోస్తే పట్టేది రెండు చెంచాల మట్టి, మొలక రెండాకులు వేయంగనే వేరు మలుపులు తిరుగుతది. కడగకుంట వేస్తే ముందు చీమలు, అటెన్క కాకులు, రాత్రికి ఎలుకలు. ముళ్ల మొక్క కొసలకు నిన్ను బోర్లిస్తరు చూడు, అక్కడ మాత్రం ఏ పేచీ లేదు. దిష్టి సంగతి దేవుడెరుగు, చూడ ముద్దుగనే ఉంటవ్.

ఇంత తిట్టినా నిన్ను చెత్త బండిల వెయ్య మనసొస్తలేదు. మంచిగ కడిగి, రెండెండలు ఎండబెట్టి, మిక్సీల మెత్తగ పిండి పట్టి, వానపాముల తొట్టిల అప్పుడప్పుడు ఒక పిడికెడు చల్లుతం. వానపాముకు పళ్లు లేవు, తిన్నది లోపల నూరుకోవాలంటే గరుకు రవ్వ కావాలె. కూరగాయల తుక్కు పులిసి తొట్టి వాసనేస్తుంటే ఆ పులుపు నువ్వు తగ్గిస్తవ్. పులుపు తగిలితేనే కదా నువ్వు కరిగేది. పని అక్కడుంది, వచ్చి చేరు. మూత పెట్టే ఉంటది, లోపల నిన్ను పొగిడేటోళ్లు మాత్రం ఎవరూ ఉండరు.

ఇట్లు,
రెండో గుత్తి మీద ఆశ పెట్టుకున్న ఒక మిద్దె తోట