గడువు ముందు తెలిస్తేనే ఉపయోగం

ఏడాది ఇంటి పన్ను మొత్తం ఏప్రిల్ 30లోగా కడితే 5 శాతం రాయితీ అని మీ పత్రికలో వార్త వేసి గుర్తు చేసినందుకు థ్యాంక్స్ అండీ. మా అమ్మకు ఈ సంగతి ఏటా నేనే ఫోన్ చేసి చెప్పాలి. తిరుపతిలో ఒక్కతే ఉంటుంది, వాట్సాప్ చూడదు. మా వీధిలో అలాంటి పెద్దవాళ్లు చాలామందే ఉన్నారు, పిల్లలేమో బెంగళూరులోనో చెన్నైలోనో.

పన్ను కంటే నీళ్ల కబురు ఇంకా ముఖ్యం. ఊరికి కల్యాణి డ్యామ్ నుంచి, తెలుగుగంగ నుంచి నీళ్లు వస్తాయి. దారిలో ఎక్కడ పైపులైను మరమ్మతు జరిగినా కొళాయి ఆగిపోతుంది. ముందురోజు సాయంత్రమే తెలిస్తే నాలుగు బిందెలు పట్టి పెట్టుకుంటారు. తెల్లారాక తెలిస్తే డెబ్బై ఏళ్ల వయసులో ట్యాంకర్ కోసం ఎదురుచూడాలి. ఇక్కడ కూర్చుని మాకు ఒకటే టెన్షన్.

వార్డు సచివాలయాలు 2019 నుంచి ఉన్నాయి కదా. ప్రతి సచివాలయం బయట ఒక బోర్డు పెట్టి, పెద్ద అక్షరాలతో తెలుగులో రాస్తే చాలు. పాలకు వెళ్లేవాళ్లు చదివి పక్కింటికి చెబుతారు. చెత్త బండి మైకులో ఒక్క నిమిషం చెప్పించినా మంచిదే.

మీరు కూడా ఈ రాయితీ వార్తను వచ్చే ఏడాది ఏప్రిల్ మొదటి వారంలోనే వేయండి, ప్లీజ్.