తప్పుంటే చాలదు, దిద్ది ఉండాలి

అమెరికాలో బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలతో కార్డులు వేసే కంపెనీ టాప్స్. ఆ కంపెనీ 1952లో వేసిన మికీ మాంటిల్ కార్డు చేతిలో పెడితే మామూలు మనిషి ముందువైపు చూసి మురిసిపోతాడు. మనిషి వెనకాల నీలం రంగు, భుజం మీద పసుపు బ్యాటు, ఇరవై ఏళ్ల కుర్రాడు. తెలిసినవాడు ఆ పని చెయ్యడు. కార్డు వెనక్కి తిప్పుతాడు. అక్కడ 311 అనే నంబరు చిన్న బంతి బొమ్మలో ఉంటుంది. ఆ బంతి కుట్లు ఎటు తిరిగి ఉన్నాయో చూస్తాడు. ఆ తర్వాతే ఊపిరి పీలుస్తాడు.

ఆ ఏడాది 311, 312, 313 నంబర్ల కార్డులు, అంటే మాంటిల్, జాకీ రాబిన్సన్, బాబీ థామ్సన్, ఒక్కో షీటులో రెండేసి చోట్ల అచ్చయ్యాయి. రెండూ అచ్చుగుద్దినట్టు ఒకేలా రాలేదు. ఒక మాంటిల్ వెనక కుట్లు కుడివైపు, ఇంకో మాంటిల్ వెనక ఎడమవైపు. మనిషి ఒక్కడే, కుట్లు రెండు. 2022 ఆగస్టులో ఈ కార్డు ఒకటి 1 కోటి 26 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అంత డబ్బు పెట్టేవాడు కుట్లు చూసుకోకుండా పెడతాడా? పెళ్లిచూపుల్లో జాతకం అడగనట్టుంటుంది.

బయటివాళ్లు దీన్ని పిచ్చి అంటారు. వాళ్ల మీద నాకు కోపం లేదు, జాలి ఉంది. అచ్చుతప్పును ముద్రారాక్షసం అని ముద్దుగా పిలుచుకునే జాతి మనది. పుస్తకం చివర తప్పొప్పుల పట్టిక వేసి, ఆ పట్టికలో మళ్లీ తప్పులు వేసుకున్న జాతి. మనకే ఈ శాస్త్రం ఎక్కకపోతే ఇంకెవరికి ఎక్కుతుంది?

నేను న్యూజెర్సీలో ఉద్యోగం చేసుకుంటూ బతికేవాణ్ణి. బేస్‌బాల్ నియమాలు ఇప్పటికీ సగమే తెలుసు. అదేం లోపం కాదు. కార్డులు పోగేసే మావాళ్ల కులగురువు జెఫర్సన్ బర్డిక్ కూడా మైదానం గడప తొక్కలేదంటారు. సిరక్యూస్‌లో విద్యుత్ పరికరాల ఫ్యాక్టరీలో పని చేస్తూ, దొరికిన ప్రతి కార్డుకీ గోత్రం, నంబరు ఇచ్చిన మహానుభావుడు. 1909 నుంచి 1911 దాకా సిగరెట్ పెట్టెల్లో వచ్చిన తెల్ల అంచు కార్డులను ఇవాళ అందరూ టీ-206 అంటున్నారంటే ఆ పేరు ఆయన పెట్టిందే. టీ అంటే ఇరవయ్యో శతాబ్దపు పొగాకు కార్డు. మూడు లక్షలకు పైగా కార్డులూ కాగితాలూ న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చేశాడు. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయినా అక్కడే కూర్చుని అన్నీ ఆల్బమ్‌లలో సర్దాడు. 1963 జనవరిలో పని ముగించి, మార్చిలో పోయాడు. అంతా బాగానే ఉంది. ఒక్కటే బాధ. ఆయన కార్డులను జిగురుతో అంటించాడు. ఈ మాట రాస్తుంటే నా చెయ్యి వణుకుతోంది.

ఎందుకు వణకదు? టీ-206లో సగం విద్య వెనకవైపే ఉంది. ముందు అదే ఆటగాడు, అదే బొమ్మ. వెనక పీడ్‌మాంట్ సిగరెట్ ప్రకటన ఉంటే సరే, ఊళ్లో అందరి దగ్గరా ఉండేదే. అదే బొమ్మ వెనక డ్రమ్ అనో ఉజిట్ అనో ఉంటే ఇల్లు తాకట్టు పెట్టాల్సిందే. ముందు టై కాబ్ బొమ్మ, వెనక కూడా టై కాబ్ పేరుతోనే పొగాకు ప్రకటన ఉన్న కార్డు ఒకటుంది. అది కనబడితే కూర్చోవడానికి కుర్చీ చూసుకోవాలి.

(టీ-206లో అన్నిటికంటే పేరుమోసిన హోనస్ వాగ్నర్ కార్డు గురించి రాయలేదేమని అడగబోతున్నారు. దాని అచ్చు మొదట్లోనే ఆపేశారు, కాబట్టి తక్కువున్నాయి, కాబట్టి ఖరీదు. ఇందులో విద్య ఏముంది? అది పేపర్ల వాళ్లకి వదిలేద్దాం.)

ఇక అసలు విషయం. తప్పు పడ్డ కార్డుకి విలువ ఎక్కువని లోకం అనుకుంటోంది. శుద్ధ అబద్ధం. ఎన్నో ఆదివారాలు హోటల్ హాళ్లలో కార్డు షోలు తిరిగి, భూతద్దం పట్టుకుని మెడ నొప్పి తెచ్చుకుని నేను తేల్చుకున్న సూత్రం ఇది: తప్పుకి విలువ లేదు. ఎవరో సిగ్గుపడి దిద్దితేనే విలువ.

1957లో టాప్స్ వాళ్లు హ్యాంక్ ఆరన్ ఫొటోను తిరగేసి అచ్చేశారు. కుడిచేతి ఆటగాడు ఎడమచేత్తో బ్యాటు పట్టుకున్నాడు. చొక్కా మీద 44 అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. ఇంతకంటే పెద్ద తప్పు ఉంటుందా? అయినా తప్పు పడినందుకు అదనంగా ఒక్క పైసా రాదు. వాళ్లు దిద్దలేదు మరి. అన్ని కార్డులూ అలాగే ఉన్నాయి. 1959లో లూ బర్డెట్ అనే పిచర్, అంటే బంతి విసిరేవాడు, సరదాకి గ్లవ్ రెండో చేతికి తొడుక్కుని ఎడమచేతివాడిలా నిలబడ్డాడు. ఫొటో తీసినవాడికి తెలియలేదు, అచ్చేసినవాడికీ తెలియలేదు. అదీ దిద్దలేదు. కథగా చెప్పుకోవడానికి బాగుంటుంది, అమ్ముకోవడానికి కాదు.

ఇప్పుడు షెర్రీ మెగీని చూడండి. ఫిలడెల్ఫియా ఆటగాడు. టీ-206లో ఆయన ఇంటిపేరు చివర ఉండాల్సిన రెండు 'ఇ'లలో మొదటిదాని బదులు 'ఐ' పడింది. నోటితో పలికితే తేడా కూడా తెలియదు. కానీ ఎవరో చూశారు, దిద్దారు. ఆ దిద్దకముందువి కొన్ని బయటికి పోయాయి. అంతే, ఆ 'ఐ' బంగారమైంది. జో డాయిల్‌ది ఇంకా విచిత్రం. ఈయన న్యూయార్క్ అమెరికన్ లీగ్ జట్టువాడు. అదే ఊళ్లో నేషనల్ లీగ్ జట్టులో లారీ డాయిల్ అని ఇంకొకాయన. అచ్చువాళ్లు ఇద్దర్నీ కలిపేసి జో కార్డు మీద నేషనల్ అని వేశారు. తర్వాత నాలుక్కరుచుకుని ఆ మాట చెరిపేశారు. చెరపకముందు బయటపడ్డవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దిద్దినవాడు ఇంకో పూట నిద్రపోయి ఉంటే జో డాయిల్‌ని ఇవాళ పలకరించేవాడే ఉండడు.

నా సూత్రానికి తిరుగులేని రుజువు 1989 నాటిది. పాతకాలపు కార్డు కాదు కానీ, వాదనకి పనికొస్తుంది. ఫ్లీర్ వాళ్లు వేసిన బిల్లీ రిప్కెన్ కార్డులో బ్యాటు పిడి అడుగున ఒక బూతు మాట స్పష్టంగా కనిపించింది. అంతా గగ్గోలు. కంపెనీ వాళ్లు ఒకసారి నల్ల డబ్బా వేసి కప్పారు, ఒకసారి పిచ్చిగీతలు గీశారు, ఒకసారి తెల్లరంగు పూశారు. ఇవాళ ఆ తెల్లరంగు కార్డు బూతు కార్డు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ పలుకుతుంది. పాపం కంటే ప్రాయశ్చిత్తం ఖరీదు! ధర్మశాస్త్రాలు కూడా ఇంత తెగించి చెప్పలేదు.

అయితే దిద్దే హక్కు అచ్చువేసినవాడిదే. కార్డు సొంతదారు దిద్దాడా, అది నేరం. 1991లో హాకీ వీరుడు వేన్ గ్రెట్స్కీ, తన జట్టు యజమాని బ్రూస్ మెక్‌నాల్‌తో కలిసి 4 లక్షల 51 వేల డాలర్లు పోసి కొన్న వాగ్నర్ కార్డు గుర్తుందా? అంత నీటుగా ఉన్న వాగ్నర్ ఇంకోటి లేదన్నారు. దాని అంచులు కత్తిరించి నీటు చేసింది తనేనని కార్డుల వేలంపాటల వ్యాపారి బిల్ మాస్ట్రో 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. అచ్చాఫీసు వాడు చేస్తే సవరణ, మనం చేస్తే మోసం.

ఇంతవరకు అందరం ఒక్కమాట మీదే ఉంటాం. గొడవంతా ఎవరూ కావాలని చెయ్యనివాటి దగ్గర వస్తుంది. 1958లో పాంచో హెరేరా పేరులో చివరి 'ఎ' కొన్ని కార్డుల మీద పడలేదు. టీ-206లో స్నాడ్‌గ్రాస్ అనే ఆయనకి మొదటి 'ఎస్' ఎగిరిపోయి నాడ్‌గ్రాస్ అయ్యాడు. షార్ప్‌కి 'ఆర్' పాడై 'పి' అయి కూర్చుంది. ఇవి దిద్దుబాట్లు కాదు, అచ్చులో తగిలిన దెబ్బలు. వీటిని లెక్కలోకి తీసుకోవాలా? దీని మీద మాలో మూడు మతాలున్నాయి. ద్వైతులు ప్రచురణకర్త బుద్ధిపూర్వకంగా మార్చిందే వేరు కార్డు, తక్కినదంతా చెత్త అంటారు. అద్వైతులు ఏ రెండు కార్డులూ ఒకటి కావు, కనక అన్నీ ఒకటే అంటారు. వీళ్ల దగ్గర అమ్మకానికి సరుకు ఎప్పుడూ ఎక్కువే. మాది విశిష్టాద్వైతం. ప్రమాదవశాత్తు పడ్డ మచ్చ అయినా సరే, అదే మచ్చ అదే చోట మరో కార్డు మీద కూడా దొరికితే దానికి మోక్షం ఉంది. అందుకే రెండో మచ్చ కోసం ఆయుష్షంతా వెతుకుతాం.

నాకూ ఒకటి దొరికింది. 1962 టాప్స్. ఆ ఏడాది రెండో సిరీస్, అంటే 110 నుంచి 196 వరకు, కొన్ని ఆకుపచ్చ ఛాయతో వచ్చాయి. ఆకాశం పచ్చన, మనిషి ముఖం పచ్చన, కామెర్లొచ్చిన జట్టులా ఉంటుంది. వేరే ప్రెస్సులో వేయించారని మావాళ్ల నమ్మకం. కొందరికి పోజు కూడా మారింది. నేను కొన్నది పచ్చదేనని ప్రమాణం చేసి చెప్పగలను. పైగా చెవి పక్కన ఒక నల్ల చుక్క, దాని చుట్టూ తెల్లటి ఉంగరం. పేరు చెప్పను కానీ, కార్డుల నాణ్యతకి మార్కులు వేసే ఒక సంస్థకి పంపాను. మూడు నెలల తర్వాత ప్లాస్టిక్ డబ్బాలో తిరిగొచ్చింది. పచ్చదనం ప్రస్తావన లేదు, ఉంగరం ప్రస్తావన లేదు. పదికి నాలుగు.

సరిగ్గా ఆ వారమే తెనాలి నుంచి మా మావగారు దిగారు. తెనాల్లో చాలా ఏళ్లు అచ్చాఫీసు నడిపిన మనిషి. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు. ఇక్కడ ఆర్నెల్లు ఆయనకి పనేం లేదు. డబ్బా తీసుకెళ్లి చేతిలో పెట్టాను.

"ఏముందండీ ఇందులో, అల్లుడుగారూ?"

"ఆ ఉంగరం చూడండి, మావయ్యగారూ."

భూతద్దం ఇస్తుంటే వద్దన్నారు. కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి, కార్డు ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు.

"దుమ్మండీ. ప్లేటు మీద పడుంటుంది. కుర్రాడు తుడవలేదు."

"మరి పచ్చ రంగో?"

"ఎరుపు ఇంకు తక్కువ పడింది. ఆ కుర్రాడే అయ్యుంటాడు."

నా శాస్త్రమంతా ఆయన ఒక్క కుర్రాడి మీద పడేశారు. నేను పట్టు వదల్లేదు. 1990 టాప్స్ ఫ్రాంక్ థామస్ కార్డు, ముందువైపు పేరు పడనిది, ఫోన్లో చూపించాను. ఒక్క క్షణం చూసి, "నల్ల ఇంకుకి ఏదో అడ్డం పడిందండీ. షీటులో దీని పక్క కార్డులు తెప్పించి చూడండి, వాటికీ గీతలు తెగుంటాయి" అన్నారు. నిజంగానే తెగున్నాయి! మావాళ్లు ఎన్నో కార్డులు తిరగేసి, షీటులో ఏది ఎక్కడుందో పేర్చుకుని పట్టుకున్న సంగతిది. ఆయన టీ చల్లారేలోపు చెప్పేశారు.

"ఇలాంటివి మీ దగ్గర పడితే ఏం చేసేవారు?" అనడిగాను, కాస్త ఆశగానే.

"ఏముంది, పార్టీ డబ్బులు ఎగ్గొట్టేవాడు. మేం మళ్లీ వేసిచ్చేవాళ్లం."

"మరి మొదట వేసినవి?"

"వేస్టేజీయేగా. చలికాలం నీళ్లపొయ్యిలోకి."

నాకు గుండె కలుక్కుమంది. ఎన్ని మెగీలు, ఎన్ని డాయిళ్లు ఆ పొయ్యిలో పోయాయో! నా ముఖం చూసి ఆయనకి జాలేసినట్టుంది. ఓదార్చడానికి అన్నట్టు మెల్లగా చెప్పారు.

"మీ శుభలేఖ కూడా మొదట తప్పు పడిందండోయ్. మీకు చెప్పలేదు."

1998 సంగతి. అక్షరాలు చేత్తో పేర్చే రోజులు. కూతురి శుభలేఖ కదా అని ఆయనే దగ్గరుండి వేశారట. రెండు వందలు అచ్చయ్యాక చూస్తే 'చి. సుబ్రహ్మణ్యం'లో యవత్తు లేదు. 'సుబ్రహ్మణం' అని ఉంది. మిషను ఆపించి, వత్తు పెట్టి, తక్కిన మూడు వందలూ సరిగ్గా వేశారు. మాకు పంపింది అవే.

"ఆపించారా? దిద్దించారా?" లేచి నిలబడ్డాను.

"దిద్దించకపోతే ఎలాగండీ, మగపెళ్లివారు ఊరుకుంటారా?"

"ఆ రెండు వందలూ పొయ్యిలో వేశారా?"

"వేశాం. కానీ మా తమ్ముడు తెలియక ఓ పాతిక అప్పటికే సైకిల్ మీద చుట్టుపక్కల ఊళ్లలో పంచేశాడు."

పాతిక. కావాలని ఆపి, అచ్చువేసినవాడే దిద్దిన తప్పు. దిద్దకముందు బయటపడ్డవి పాతికే. మూడు మతాలవాళ్లూ చేతులెత్తి మొక్కాల్సిన సరుకు.

కాబట్టి తెనాలి, కొల్లిపర, దుగ్గిరాల వైపు బంధువులకి నా మనవి. అటక మీద, ట్రంకు పెట్టెలో, దేవుడి పటం వెనక ఒక్కసారి చూడండి. 'సుబ్రహ్మణం' అని ఉంటే ముట్టుకోకండి. పసుపు మరక తుడవకండి, మడత సరిచెయ్యకండి, ముఖ్యంగా పెన్నుతో ఆ యవత్తు పెట్టకండి. టికెట్టు కొనుక్కుని నేనే వస్తున్నాను.