ఎస్‌వీసీహోస్ట్ దొంగ కాదు బాబాయ్

ఫ్యామిలీ గ్రూపుల్లో చక్కర్లు కొడుతున్న ఒక మెసేజ్‌ను మా బాబాయ్ నాకూ పంపాడు. అందులో ఉన్నది ఇదీ: "కంప్యూటర్ స్లో అయిందా? టాస్క్ మేనేజర్ తెరవండి. ఎస్‌వీసీహోస్ట్ పేరుతో ఉన్నవన్నీ దొంగ ప్రోగ్రాములు, అన్నిటికీ ఎండ్ టాస్క్ కొట్టండి. ఎంఎస్‌కాన్ఫిగ్‌లో సర్వీసులన్నిటికీ టిక్ తీసేయండి, ప్రాసెసర్ల సంఖ్య పెంచండి. ప్రీఫెచ్ ఫోల్డర్ ఖాళీ చేయండి. రిజిస్ట్రీ క్లీనర్ వేయండి. మెకానిక్‌కు డబ్బులు దండగ." ఇవన్నీ తు.చ. తప్పకుండా చేసిన మా వీధి పెద్దాయన సీపీయూని మెకానిక్ దగ్గరికి మోసుకెళ్ళింది నేనే.

మొదటిది, ఎస్‌వీసీహోస్ట్ దొంగ అన్నమాట. విండోస్‌లో శబ్దం, వైఫై, అప్‌డేట్లు లాంటి పనులు చూసే సర్వీసుల్లో చాలావాటికి సొంతంగా నడిచే శక్తి లేదు. అవి డీఎల్ఎల్ ఫైళ్ళు. వాటిని తనలో పెట్టుకుని నడిపే ప్రోగ్రామే ఎస్‌వీసీహోస్ట్. పూర్వం ఒక్కో దాంట్లో చాలా సర్వీసులు ఉమ్మడి కుటుంబంలా ఉండేవి. ఒకటి కూలితే మిగతావాటినీ లాక్కుపోయేది. 2017లో వచ్చిన విండోస్ 10 క్రియేటర్స్ అప్‌డేట్ నుంచి, ర్యామ్ 3.5 జీబీ దాటిన కంప్యూటర్లలో వీటిలో చాలావాటిచేత వేరు కాపురాలు పెట్టించారు. ఇప్పుడు జాబితాలో పదుల సంఖ్యలో కనిపించడానికి కారణం అదే. కుటుంబాలు పెరిగాయి గానీ మనుషులు పెరగలేదు.

అలాగని ఆ పేరుతో మాల్వేర్, అంటే హాని చేసే సాఫ్ట్‌వేర్ రాదా? వస్తుంది. పేరులో ఒకటి రెండు అక్షరాలు అటూ ఇటూ మార్చి కూడా వస్తుంది. అనుమానం ఉంటే దాని మీద రైట్ క్లిక్ చేసి ఓపెన్ ఫైల్ లొకేషన్ నొక్కండి. విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్32 తెరుచుకుంటే అసలుదే. డౌన్‌లోడ్స్ ఫోల్డరో, యాప్‌డేటానో తెరుచుకుంటే మాత్రం వెంటనే యాంటీవైరస్‌తో స్కాన్ చేయాల్సిందే.

టాస్క్ మేనేజర్‌లోనే ఇంకో భయం. సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్ 95 శాతం సీపీయూ తింటోందని టెన్షన్ పడేవాళ్ళున్నారు. అది ప్రాసెసర్ ఖాళీగా ఉన్న సమయం లెక్క. ఎంత ఎక్కువుంటే అంత మంచిది.

పైగా ఎండ్ టాస్క్ కొట్టినంత మాత్రాన ఏ ప్రోగ్రామూ కంప్యూటర్‌లోంచి పోదు. స్టార్టప్‌లో ఉన్నదైతే, రీస్టార్ట్ చేయగానే మళ్ళీ హాజరు.

ఎంఎస్‌కాన్ఫిగ్ అంటే విండోస్ ఎలా మొదలవ్వాలో మార్చే టూల్. అందులో సర్వీసులన్నిటికీ టిక్ తీసేయమన్న సలహా అన్నిటికన్నా ప్రమాదం. పెద్దాయన ఇరుక్కుంది ఇందులోనే: పిన్ కొడితే లాగిన్ కాలేదు, వైఫై కనిపించలేదు, ప్రింటర్ పలకలేదు. ఇంట్లోనే ఆధార్ వేలిముద్ర పరికరం పెట్టుకుని పని చేసుకునేవాళ్ళకైతే ఆ పరికరాన్ని నడిపే ఆర్‌డీ సర్వీస్ కూడా ఆగుతుంది. అది లేకపోతే వేలిముద్ర తీసుకోదు. అంతగా కావాలనుకుంటే ముందు "హైడ్ ఆల్ మైక్రోసాఫ్ట్ సర్వీసెస్" దగ్గర టిక్ పెట్టండి. విండోస్‌వి పక్కకు పోయి, మనం బయటి నుంచి తెచ్చుకున్నవే మిగులుతాయి. వాటిలో ఏది ఎందుకుందో తెలిశాకే చెయ్యి పెట్టాలి.

ప్రాసెసర్ల సంఖ్య పెంచడం వట్టి మాట. విండోస్ ఎలాగూ ఉన్నవన్నీ వాడుకుంటుంది. ఎంఎస్‌కాన్ఫిగ్‌లో ఆ పెట్టె ఉన్నది పరీక్షల కోసం సంఖ్య తగ్గించడానికి, పొరపాటున తక్కువ ఎంచుకుంటే ఉన్న వేగం కూడా పోతుంది.

ప్రీఫెచ్ ఫోల్డర్‌లో ఉండేది ప్రోగ్రాములు త్వరగా తెరుచుకోవడానికి విండోస్ రాసిపెట్టుకున్న గుర్తులు. చెరిపేస్తే కొన్నాళ్ళు ఇంకాస్త నెమ్మదిస్తుంది, తర్వాత మళ్ళీ అదే రాసుకుంటుంది.

ఇక రిజిస్ట్రీ క్లీనర్. విండోస్, ప్రోగ్రాములు తమ సెట్టింగులు రాసిపెట్టుకునే చోటే రిజిస్ట్రీ. రిజిస్ట్రీలో మిగిలిపోయిన పాత ఎంట్రీల వల్ల కంప్యూటర్ నెమ్మదించడం అరుదు. అవసరమైనది ఒకటి తెగితే మాత్రం ఏదో ఒక ప్రోగ్రాం మొండికేస్తుంది. ఇలాంటి వాటికి మైక్రోసాఫ్ట్ మద్దతు కూడా లేదు. శుభ్రం చేసే సాఫ్ట్‌వేరే కదా అనుకుంటే, 2017లో సీక్లీనర్ 5.33 వెర్షన్‌లోకి హ్యాకర్లు మాల్వేర్ జొప్పించారు. అది కంపెనీ సొంత సర్వర్ నుంచే 22 లక్షలకు పైగా కంప్యూటర్లకు చేరింది.

అయితే ఆ మెసేజ్‌లో ఒక్క నిజముంది: అడగకుండా వెనకాల నడిచే ప్రోగ్రాములు వేగం తినడం. వాటిని పట్టుకునే చోటు వేరు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది, అందులో స్టార్టప్ ట్యాబ్‌కు వెళ్ళండి. స్టార్టప్ ఇంపాక్ట్ దగ్గర హై అని ఉన్నవాటిలో రోజూ వాడనివి డిసేబుల్ చేయండి. డిసేబుల్ అంటే తీసేయడం కాదు, కావాలంటే మళ్ళీ ఎనేబుల్ చేసుకోవచ్చు. అసలే అక్కర్లేనిదైతే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి అన్‌ఇన్‌స్టాల్ చేయండి. క్రోమ్ వాడేవాళ్ళు దాని సెట్టింగ్స్‌లో, మూసేశాక కూడా బ్యాక్‌గ్రౌండ్‌లో నడిచే ఆప్షన్ ఆపేయాలి.

బాబాయ్ కంప్యూటర్‌లో నేను చేసిందీ ఇదే. గడువైపోయిన ట్రయల్ యాంటీవైరస్ ఒకటి, మూలన పడేసిన పాత ప్రింటర్ తాలూకు హెల్పర్ ఒకటి, ఎప్పుడు దిగిందో ఆయనకే తెలియని టూల్‌బార్ ఒకటి దొరికాయి. మూడూ తీసేశాను. కాస్త తేలికపడింది. అయినా ఆన్ చేసిన ప్రతిసారీ డిస్క్ దగ్గర 100 శాతమే చూపిస్తోంది. లోపలున్నది పాతకాలపు తిరిగే హార్డ్ డిస్క్ మరి. దాని బదులు తిరిగే భాగాలు లేని, వేగమైన ఎస్‌ఎస్‌డీ వేయించమన్నాను. ధర అడిగి, కాసేపు ఆలోచించి, "ముందు ఆ ప్రీఫెచ్ ఏదో ఖాళీ చేసి చూద్దాంలే రా" అన్నాడు.