మీసానికీ మాస్కుకీ పడదు

అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవికి 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు. పేరు మారినా అక్కడి నెమో రీఫ్ అనే పగడాల దిబ్బ దగ్గర పొద్దున్నే కనిపించే దృశ్యం మాత్రం మారలేదు. నడుం లోతు నీళ్లలో వీపుకి సిలిండరు, నడుముకి సీసం బరువులు కట్టుకుని స్కూబా డైవింగ్ నేర్చుకునే కొత్తవాళ్లు వరసగా నిలబడి ఉంటారు. వాళ్లలో "ఇడ్లీ తిని దిగొచ్చా?" అని ఎవరైనా అడిగితే మనవాళ్లే. "ఆక్సిజన్ ఎంతసేపు వస్తుంది?" అన్నది మాత్రం అన్ని భాషల్లోనూ వినిపించే ప్రశ్న. ఆ సిలిండర్లో ఉండేది ఆక్సిజన్ కాదు, తేమ తీసేసి కుదించి నింపిన మామూలు గాలి. ఒట్టి ఆక్సిజన్ పీలుస్తూ దిగితే ఆరు మీటర్లు దాటాక ఫిట్స్ రావచ్చు.

మన కథానాయకుడు మీసాలాయన. నిమ్మకాయ నిలబెట్టగల సరుకు. నేర్పే కుర్రాడు పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టి పెరిగిన శ్రీకాకుళం వాళ్లబ్బాయి. విశాఖ నుంచి ఓడెక్కి వెళ్లి అక్కడే స్థిరపడ్డ కుటుంబాలకి లెక్కలేదు కాబట్టి తెలుగుకి లోటు లేదు. ఆ అబ్బాయి ముందు ఆరోగ్య పత్రం చూశాడు, తర్వాత ముఖం చూశాడు, అక్కడే ఆగిపోయాడు.

"సార్, ముక్కు కింద ఒక పెన్సిలు మందం తీసేద్దామా?"

"ఏం తీస్తావు?"

"మీసమండి. మొత్తం కాదు, పై వరస."

మీసాలాయన సముద్రాన్నీ కుర్రాడినీ మార్చి మార్చి చూసి, అక్కర్లేదన్నాడు.

విషయం ఏమిటంటే, కళ్లనీ ముక్కునీ కప్పే డైవింగ్ మాస్కు కింది అంచు ముక్కుకీ పైపెదవికీ మధ్య చర్మం మీద కూర్చుంటుంది. మెత్తటి సిలికాన్ చర్మానికి అతుక్కుంటేనే నీళ్లు రావు. మధ్యలో వెంట్రుకలుంటే ఒక్కో వెంట్రుకా ఒక పిల్లకాలువ. ఇంతటి మీసమంటే గోదావరి డెల్టా కిందే లెక్క. మాస్కు సరిపోయిందో లేదో చూడటానికి పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో కొద్దిగా గాలి లాగాలి. చేతులు వదిలేసినా అతుక్కుని ఉంటే సరిపోయినట్టు. మీసాలాయన మాస్కు జారి ఇసకలో పడింది.

"పట్టీ బిగించు" అన్నాడాయన. కొత్తవాళ్లందరూ చేసే పొరపాటే ఇది. పట్టీ మాస్కుని చోటు కదలకుండా ఉంచడానికి మాత్రమే. లోపలికి నొక్కే పని నీటి ఒత్తిడే చూసుకుంటుంది. బిగించిన కొద్దీ సిలికాన్ అంచు మడతపడి ఇంకా కారుతుంది, పైగా సాయంత్రం దాకా ముఖం మీద గుండ్రటి ముద్ర.

తర్వాత మాస్కు అద్దంలో ఉమ్మమన్నాడు కుర్రాడు. ఉమ్మి లోపలంతా రాసి ఒక్కసారి తొలిపితే పొగమంచు పట్టదు. "అద్దెకి తెచ్చిన మాస్కు కదండీ, ఇంతకుముందు ఎవరెవరు ఉమ్మారో!" అంది ఆయన భార్య గట్టు మీంచి. ఆవిడ మాస్కు అప్పటికే అతుక్కుపోయి ఉంది.

మొదటి ప్రయత్నం మీటరు లోతులోనే ముగిసింది. నీళ్లు చుక్క చుక్కగా చేరి ముక్కుపుటాల దాకా వచ్చాయి. నోటితో పీల్చాలన్న పాఠం మరిచి ముక్కుతో లాగాడు. సముద్రపు నీళ్లలో లీటరుకి 30 గ్రాములకు పైగా ఉప్పుంటుంది. ఊరగాయకైతే చక్కగా సరిపోయేది, ముక్కుకి కాదు.

నీళ్లు చేరితే బయటికి పంపే పద్ధతి ఉంది. తల కాస్త ఎత్తి, మాస్కు పైఅంచుని రెండు వేళ్లతో నుదుటికి నొక్కి, ముక్కుతో నిదానంగా, పొడుగ్గా గాలి వదలాలి. పైన చేరిన గాలి నీళ్లని కిందినుంచి తోసేస్తుంది. మీసాలాయన నేర్చుకున్నాడు కూడా. కాకపోతే ఇలా తోస్తుంటే అలా నిండుతుంది. చిల్లు పడవలో నీళ్లు తోడే ఉద్యోగం.

రెండోసారి చెవులు నొప్పెట్టకముందే ముక్కు మూసి మెల్లగా ఊదుతూ, మూడు మీటర్ల దాకా దిగాడు. మొదటి కొద్ది మీటర్లలోనే చెవిలోని గాలి వేగంగా కుదించుకుపోతుంది కాబట్టి ఇది చిన్న విజయం కాదు. ఎదురుగా ఒక చిలక చేప పగడాన్ని కరకరా కొరికి, వెనకనుంచి తెల్లటి ఇసక వదులుతూ పోయింది. ఆ వైభవానికి పొంగిపోయి బొటనవేలు పైకెత్తి చూపించాడు. నీళ్లలో దానికర్థం "సూపర్" కాదు, "పైకి పోదాం". కుర్రాడు మారుమాట లేకుండా పైకి తెచ్చేశాడు.

"ఏమైంది సార్?"

"ఏమీ కాలేదయ్యా, బాగుందన్నాను!"

బాగుందనడానికి బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి. మన ఊళ్లో పప్పు బాగా కుదిరితే చూపించే గుర్తే.

మూడోసారి క్లౌన్ చేపల ఇల్లు కనబడింది. ఎనిమోన్ అనే పువ్వులాంటి సముద్రజీవి మధ్యనుంచి బొటనవేలంత చేప ఒకటి దూసుకొచ్చి ఆయన అద్దానికి ఎదురు నిలబడింది. ఆ ఇంట్లో అన్నిటికన్నా పెద్దది ఆడచేప, పెత్తనమంతా ఆవిడదే. ఆవిడ పోతే పెద్ద మగచేపే ఆడగా మారి ఇల్లు చూసుకుంటుంది. ఇది దిగేముందు కుర్రాడు చెప్పిన సంగతే. గుర్తొచ్చి, పక్కనే ఉన్న భార్య వైపు చూసి నవ్వాడు. నవ్వితే బుగ్గలు లేచి ముక్కు పక్క మడతలు పడతాయి, ఆ మడతల్లోంచి నీళ్లు జొరబడతాయి. నున్నగా గీసుకున్న ముఖానికే ఈ బాధ తప్పదు. మీసానికి నవ్వు తోడైతే వరదే.

పైకొచ్చాక కుర్రాడు ఇంకో ఉపాయం చెప్పాడు. మీసానికి సిలికాన్ గ్రీజు దట్టంగా రాస్తే కొంత ఆగుతుందట. "మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె" అంది భార్య, గాలి పీల్చే రెగ్యులేటరు నోట్లోంచి తీసి మరీ. కాసేపటికి మీసాలాయన తనంతట తనే కత్తెర అడిగాడు.

పెన్సిలు మందం పోయింది. నాలుగోసారి ఎనిమిది మీటర్ల దాకా దిగాడు. ఒక్క చుక్క రాలేదు. నీళ్లలో వస్తువులు మూడోవంతు పెద్దవిగా కనిపిస్తాయి కాబట్టి, ఆయన చూసిన సముద్రపు పాము ఇంటికెళ్లేసరికి ఎంతవుతుందో భార్యకి ముందే తెలుసు.

ఒకరోజులో ఒకటికి మించి డైవులు చేస్తే విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి. ఒంట్లో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవడానికి ఆ గడువు. సాయంత్రం గది అద్దం ముందు నిలబడి మీసాలాయన అడిగాడు, "ఈ 18 గంటల్లో ఇది ఎంత పెరుగుతుందంటావ్?"

"పావు మిల్లీమీటరు పెరిగితే గొప్ప" అంది ఆవిడ. "మాస్కు పెట్టుకునే విమానం ఎక్కండి."