ముందు బ్యాగు, తర్వాతే గురి

పిస్టల్ షూటింగ్ నేర్చుకోవాలంటే ముందుగా ఏం కావాలి అని అడిగితే నిలకడ, ఓపిక, మంచి కోచ్ అని చెప్పేవాళ్ల మాట నమ్మకండి. అవన్నీ పాతకాలం కబుర్లు. ముందుగా కావలసింది బ్యాగు. అదీ నల్లది, చుట్టూ పట్టీలు వేలాడేది, జిప్ లాగితే లోపల ఇంకో జిప్, దాని లోపల వెల్క్రో, ఆ వెల్క్రో వెనక ఎందుకుందో కుట్టినవాడికి కూడా తెలియని ఒక అర ఉండేది. పిస్టల్ సంగతంటారా, మొదట్లో అది క్లబ్బు వాళ్లే ఇస్తారు. సొంత డబ్బుతో కొని, ఫొటో తీసి, స్టేటస్‌లో పెట్టుకోగలిగింది బ్యాగొక్కటే కదా.

గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఉన్న షూటింగ్ రేంజికి సెలవురోజు పొద్దున్నే వెళ్లి గేటు దగ్గర నిలబడండి, టార్గెట్ చూడకుండానే ఎవరి స్కోరు ఎంతో చెప్పేయొచ్చు. కొత్తగా చేరిన పిల్లాడి వెనక వాళ్ల నాన్న భుజాన ఓ పెద్ద బ్యాగు, చేతిలో ఓ చిన్న బ్యాగు, మెడలో వాటర్ బాటిల్ వేసుకుని వస్తుంటాడు. పిల్లాడి చేతిలో ఫోన్ ఉంటుంది. నేషనల్స్ ఆడొచ్చిన అమ్మాయి మాత్రం గీతలు పడిన ప్లాస్టిక్ పిస్టల్ పెట్టె ఒకటి, భుజానికి కాలేజీ బ్యాగు ఒకటి తగిలించుకుని స్కూటీ దిగుతుంది. చూస్తే జాలేస్తుంది. పతకాలు తెచ్చేవాళ్ల దగ్గర చూడ్డానికి ఒక్క బ్యాగైనా లేకపోవడం మన క్రీడా విధానాల వైఫల్యం కాక మరేంటి? 2012లో లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాదీ గగన్ నారంగ్ కాంస్యం తెచ్చాడు, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన ఊరి ఈషా సింగ్ నాలుగు పతకాలు తెచ్చింది, దాంతో హైదరాబాద్‌లో ఈ ఆట మీద మోజు పెరిగింది అని అందరూ రాశారు. ఆ మోజులో సగం జిప్పుల మీదికి మళ్లిందని మాత్రం ఒక్కరూ రాయలేదు.

పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌కి నిజంగా ఏం కావాలో ఒకసారి లెక్కేద్దాం, నవ్వకుండా. పిస్టల్, రూలు ప్రకారం 1500 గ్రాములు దాటకూడదు. 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ల (గాలితో కొట్టే చిన్న గుళ్ల) డబ్బా, మామూలుగా 500 ఉంటాయి, మొత్తం కలిపి పావుకిలో. తుపాకీ ఖాళీగా ఉందని అందరికీ కనబడేలా గొట్టంలో దూర్చే సేఫ్టీ ఫ్లాగు. రెండు మూడు అలెన్ కీలు (ఆరు పలకల గుంట ఉన్న స్క్రూలు తిప్పే వంకర ఇనప పుల్లలు), చిన్న స్క్రూడ్రైవర్. కంటికి అడ్డం పెట్టుకునే బ్లైండరు, చెవుల్లో ప్లగ్గులు, చేతిరుమాలు, స్కోరు రాసుకునే పుస్తకం, మంచినీళ్లు. అయిపోయింది. అయిదో తరగతి పిల్లాడు బడికి మోసుకెళ్లేదానికంటే తక్కువ. ఇంత పరువు తక్కువ జాబితా చేత్తో పట్టుకుని నలభై అయిదు లీటర్ల బ్యాగు కొనడానికి మనసెలా ఒప్పుతుంది చెప్పండి. అందుకే అనుభవం ఉన్నవాళ్లెవరూ ముందు జాబితా రాయరు. ముందు బ్యాగు కొంటారు, తర్వాత దాన్ని నింపడానికి వస్తువులు వెతుకుతారు.

ఈ విషయంలో మనకు దారి చూపించేది అమెరికా వీడియోలు. ఒక గడ్డపాయన బల్ల మీద బ్యాగు పెట్టి అరగంట సేపు ఒక్కో జిప్పూ తీసి చూపిస్తాడు. ఆయన తప్పేమీ లేదు, వాళ్ల అవసరం వేరు. రెండు మూడు పిస్టళ్లు, వాటి మ్యాగజైన్లు, పెట్టెలకొద్దీ తూటాలు, చెవులకి మఫ్‌లు అన్నీ కారులో వేసుకుని ఊరి బయటి రేంజికి పోతారు, అందుకే బ్యాగు ముందు వైపు వరసగా ఆరు మ్యాగజైన్ అరలు. మన పది మీటర్ల పిస్టల్‌కి మ్యాగజైన్ అనే మాటే లేదు, ఒక్కో పెల్లెట్టూ వేలితో పెట్టి కొట్టుకోవాలి. అయినా మనవాడు తెప్పించేది అదే బ్యాగు. ఆ ఆరు అరల్లో ఏముంటాయో నేను దగ్గర్నుంచి చూశాను. మొదటి దాంట్లో పెన్ను, రెండోదాంట్లో ఫోన్ చార్జరు, మూడోదాంట్లో సగం తిని చుట్టిపెట్టిన చాక్లెట్, నాలుగోదాంట్లో ఆధార్ జిరాక్సు నాలుగు మడతలు పెట్టి, అయిదోది ఖాళీ, ఆరోదాంట్లో ఒక చక్కెరకేళి. చక్కెరకేళి మాత్రం కొలత తీసి కుట్టినట్టు పట్టింది. అమెరికా సైనిక పరిజ్ఞానం మన కోనసీమకి ఇలా ఉపయోగపడుతుందని ఎవరనుకున్నారు?

2024లో పారిస్ ఒలింపిక్స్‌లో ఈ మొత్తం సంప్రదాయం మీద పెద్ద దెబ్బ పడింది. టర్కీ దేశస్థుడు యూసుఫ్ దికెచ్, 51 ఏళ్ల మనిషి, టీషర్టు వేసుకుని, మామూలు కళ్లద్దాలు పెట్టుకుని, ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని ఎయిర్ పిస్టల్ మిక్స్‌డ్ టీమ్‌లో రజతం పట్టుకుపోయాడు. (జేబులో చెయ్యి పెట్టడం స్టైలు కాదు, ఖాళీ చెయ్యి ఊగకుండా పిస్టల్ కొట్టేవాళ్లు చాలామంది చేసేదే, మనకి ఆ రోజే కనబడింది.) అదే పోటీలో మను భాకర్, సరబ్‌జోత్ సింగ్ కాంస్యం తెచ్చారు కాబట్టి మనమంతా చూశాం, లేకపోతే ఈ ప్రమాదం మన గుమ్మం తొక్కేదే కాదు. ఆ మర్నాటి నుంచి పిల్లలు అద్దాలు, బ్లైండరు తీసి పక్కన పెట్టి జేబులో చెయ్యి పెట్టుకోవడం మొదలెట్టారు. బ్యాగులు మాత్రం వదల్లేదు. అంతటి క్లిష్ట సమయంలోనూ బ్యాగు నిలబడిందంటే దాని కుట్టు ఎంత గట్టిదో చూడండి.

నల్ల కమెండో బ్యాగుకి ఇంకో గొప్ప గుణం ఉంది, అది జనంతో పరిచయాలు పెంచుతుంది. మామూలు నీలం రంగు స్పోర్ట్స్ బ్యాగుతో వెళ్తే బస్సులో పక్కవాడు కూడా పలకరించడు. దీంతో వెళ్లండి, మెట్రో స్టేషన్‌లో స్కానర్ దగ్గర కూర్చున్నాయన లేచి నిలబడతాడు, ఇంకో ఇద్దరు వస్తారు, మీ పేరు, మీ నాన్నగారి పేరు, ఊరు అన్నీ అడుగుతారు. 4.5 మిల్లీమీటర్లు, 20 జూళ్ల శక్తి లోపు ఎయిర్ గన్‌కి 2016 ఆయుధాల నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదని మీరు ఉపన్యాసం ఇవ్వొచ్చు, ఆయన ఓపిగ్గా వినొచ్చు, కానీ మెట్రోలో తుపాకీ ఆకారంలో ఉన్నదేదీ లోపలికి పోదు. ఆటోలో వెళ్లండి. కొందరు పిరికివాళ్లు గట్టి పిస్టల్ పెట్టెకి తాళం వేసి, దాన్ని ఏ గుర్తూ లేని మామూలు బ్యాగులో పెట్టి, పైన రైఫిల్ అసోసియేషన్ కార్డు, పోటీ ఎంట్రీ కాయితం చేతికి అందేలా ఉంచుకుని గుట్టుగా తిరుగుతుంటారు. వాళ్లని ఎవరూ ఆపరు. అలాంటి బతుకు కూడా ఒక బతుకేనా.

ఇప్పుడు పిన్నీసుల గురించి. పోటీ రోజు వీపు మీద నంబరు కాయితం తగిలించుకోవాలి, దానికి నాలుగు పిన్నీసులు కావాలి. ఇరవై రెండు అరల బ్యాగు తెరిస్తే అందులో గ్రిప్పు, అంటే పిస్టల్ పిడి, అరగదీసే గరుకు కాయితం ఉంటుంది, దిక్సూచి ఉంటుంది (పది మీటర్ల రేంజిలో దారి తప్పితే పనికొస్తుంది), రెండు టార్చిలైట్లు ఉంటాయి, పిన్నీసు ఉండదు. పిలుపొచ్చేసింది, కోచ్ అరుస్తున్నాడు, పిల్లాడు అన్ని జిప్పులూ తీసి వేస్తున్నాడు. అప్పుడు వెనక కుర్చీల్లోంచి ఒకావిడ, ఎవరి తల్లో తెలియదు, "ఏడవకు నాన్నా, ఇలా రా" అని గాజులకి తగిలించిన పిన్నీసులు మూడు తీసి, నాలుగోది పైట దగ్గర్నుంచి ఊడదీసి, కొంగు భుజం మీద ఎగదోసుకుంటూ నంబరు తగిలిస్తుంది. మన ఆడవాళ్ల గాజుల్లో ఉన్నంత ఏర్పాటు ఏ విదేశీ బ్యాగులోనూ నేను చూడలేదు. నలభై అయిదు లీటర్లు కూడా కాదు, రెండు డజన్ల గాజులు, అంతే.

అలెన్ కీ కథ ఇంకా ఘోరం, ఎందుకంటే అది నిజంగా కావలసి వస్తుంది. 2021లో టోక్యోలో క్వాలిఫికేషన్ మధ్యలో మను భాకర్ పిస్టల్ మొరాయించింది. అరవై షాట్లకి ఇచ్చేదే 75 నిమిషాలు, అందులోంచి బాగుచేయించుకోవడానికే బోలెడు నిమిషాలు పోయాయి. 575 కొట్టి 12వ స్థానంలో నిలిచింది, ఫైనల్ రెండు పాయింట్లలో తప్పిపోయింది. ఒలింపిక్స్‌లో కాబట్టి పక్కన కోచ్, సాంకేతిక నిపుణులు అందరూ ఉంటారు. జిల్లా పోటీలో మీ పిస్టల్ మీద గురి చూసే సైటు స్క్రూ వదులైతే మీరు, మీ బ్యాగు, లోపల ఎక్కడో ఆ రెండు మిల్లీమీటర్ల అలెన్ కీ, అంతే దిక్కు. అక్కడ పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత, పది మీటర్ల అవతల. దాన్ని కొట్టగలిగిన చేత్తోనే సొంత బ్యాగులో చిన్న ఇనప ముక్క దొరక్క మోకాళ్ల మీద కూర్చుని అరలన్నీ తడుముతుంటే చూడాలి. పనిముట్లన్నీ ఒకే సంచిలో, రంగు వేరేగా ఉన్న సంచిలో, పైనే పెట్టుకుంటే సరిపోతుందని ఒక పెద్దాయన చెప్పాడు. ఆయన దగ్గర పాత కళ్లద్దాల జిప్పు సంచి ఉంది. ఇంత చవకబారు పరిష్కారాన్ని నేను సిఫారసు చేయలేను.

తిండి దగ్గరికొద్దాం. పొద్దున అయిదింటికి లేచి అమ్మ చేసిన పులిహోర బ్యాగులో ఎక్కడ పెట్టాలి? జవాబు అందరికీ తెలుసు, పెల్లెట్ల పక్కనే. పెల్లెట్లు సీసంతో చేస్తారు, ఆ మసి వేళ్లకి అంటుతుంది, సబ్బుతో కడుక్కోకుండా ఏదీ తినకూడదు, తిండి వేరే సంచిలో ఉండాలి అని రేంజిలో చెప్తారు. కానీ అలా చేస్తే అన్నిటికీ ఒకే బ్యాగు అన్న సిద్ధాంతం ఏమైపోవాలి? పైగా డబ్బా మూత ఊడి నూనె కారి వాల్‌నట్ గ్రిప్పుకి పట్టాక ఆ పిస్టల్‌కి వచ్చే ఇంగువ వాసన ఏ జర్మనీ కంపెనీ అయినా ఇవ్వగలదా?

రైఫిల్ వాళ్లది వేరే లోకం, వాళ్లని నేను వెక్కిరించను. రైఫిలే 5.5 కిలోల దాకా ఉండొచ్చు, దానికి గట్టి పెట్టె, ఆ పైన కాన్వాసు, తోలు కలిపి కుట్టిన జాకెట్టు, ప్యాంటు, బూట్లు. వాళ్లకి పెద్ద బ్యాగు నిజంగానే అవసరం, అందుకే అది చూసి ఎవరికీ ముచ్చటేయదు. ఒక్క మాట మాత్రం. మే నెలలో పోటీ అయ్యాక చెమటతో తడిసిన జాకెట్టుని మడిచి, కుక్కి, జిప్పు పెట్టి, ఇంటికొచ్చి మంచం కింద తోసేస్తే మూడో రోజు ఇంట్లోవాళ్లు ఎలక చచ్చిందేమో అని బీరువాలు జరుపుతారు. గాలాడే జాలీ అర ఉన్న బ్యాగులు దొరుకుతాయి. అవి ఫొటోలో బాగుండవు.

విమానంలో వెళ్లేవాళ్లు తుపాకీకి బిగించే గాలి సిలిండర్లో గాలి పూర్తిగా వదిలేసి పెట్టాలి, నిండితే లోపల ఒత్తిడి 200 బార్ దాకా ఉంటుంది కాబట్టి, చెక్ ఇన్ దగ్గర ముందే చెప్పాలి. కారులో వెళ్లేవాళ్లు ఎండలో కారు పెట్టి బ్యాగు అందులో వదలకూడదు. ఇవి ముఖ్యమైన విషయాలే, కానీ వీటిలో జిప్పు లేదు కాబట్టి ఎవరూ చర్చించరు.

ఇంతకీ నా డిమాండు ఇది. పోటీకి ముందు ఎక్విప్‌మెంట్ కంట్రోల్ అని ఒకటుంటుంది. పిస్టల్ తూకం వేస్తారు, ట్రిగ్గర్ మీద 500 గ్రాముల బరువు వేలాడదీసి చూస్తారు, బూట్లు చీలమండ దాటుతున్నాయేమో చూస్తారు, రైఫిల్ జాకెట్టు ఎంత బిరుసుగా ఉందో యంత్రం పెట్టి కొలుస్తారు. బ్యాగుని మాత్రం ఎవరూ ఏమీ అనరు. ఇది అన్యాయం. ఇకమీదట ఆటగాడి కళ్లకి గంతలు కట్టి, బ్యాగు ముందు పెట్టి, అలెన్ కీ ఎక్కడుందో పది సెకన్లలో తీయమనాలి. తర్వాత సేఫ్టీ ఫ్లాగు, తర్వాత పిన్నీసు. తీయలేకపోతే మొదటిసారి హెచ్చరిక, రెండోసారి రెండు పాయింట్ల కోత. చక్కెరకేళి దొరికితే జ్యూరీ స్వాధీనం చేసుకోవాలి. బ్యాగు మోసుకొచ్చింది ఆటగాడు కాదు, వాళ్ల నాన్న అని తేలితే ఆ రోజు ఆయన్నే లైన్లో నిలబెట్టి కొట్టించాలి, స్కోరు పిల్లాడి ఖాతాలో వేయాలి. అప్పీలు చేసుకోవచ్చు. ఫారం బ్యాగులోనే ఎక్కడో ఉంటుంది, వెతుక్కోండి.