హీబ్రూ గెలిచింది సరే, యిడ్డిష్ మాటేమిటి?

యూదుల ప్రాచీన భాష హీబ్రూ మళ్లీ మాట్లాడే భాష అయిన కథ మీద మీ వ్యాసం చదివాను. చచ్చిపోయిన హీబ్రూని దాని కోసం ఉద్యమించిన బెన్ యెహుదా ఒక్కడే బతికించాడన్నట్టు రాశారు. మొదటి సంగతి, అది పూర్తిగా చావలేదు. ప్రార్థనల్లో, ఉత్తరాల్లో, పుస్తకాల్లో ఉంటూనే ఉంది, ఇంట్లో మాట్లాడేవాళ్లే లేరు. ఆయన పట్టుదల నిజమే. 1881లో జెరూసలేం చేరి, మరుసటి ఏడు పుట్టిన కొడుకు చెవిన వేరే భాష పడకుండా పెంచాడు (పాపం ఆ పిల్లాడు!). కానీ ఒక్క ఇంట్లో మాట్లాడితే భాష నిలబడదు కదండీ. నిలబెట్టింది బడిపంతుళ్లు. పాలస్తీనాలోని హైఫాలో రాబోయే టెక్నియాన్ అనే ఇంజనీరింగ్ కాలేజీలో సైన్సు పాఠాలు జర్మన్‌లో చెప్పాలని 1913లో నిర్ణయిస్తే టీచర్లు, విద్యార్థులు సమ్మెకి దిగి హీబ్రూకి ఒప్పించారు.

మీరు అసలు ముట్టుకోనిది యిడ్డిష్. తూర్పు యూరప్ యూదుల్లో ఎక్కువమందికి ఇంటి భాష అదే. 1908లో చెర్నోవిట్స్ నగరంలో (ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది) జరిగిన యిడ్డిష్ మహాసభలో దాన్ని యూదుల జాతీయ భాష అనాలా, జాతీయ భాషల్లో ఒకటి అనాలా అని పెద్ద గొడవ. చివరికి ‘ఒకటి’ దగ్గర రాజీపడ్డారు. పాలస్తీనాలో హీబ్రూవాదులు మాత్రం అది ప్రవాసపు యాస అని చులకన చేశారు. తర్వాత నాజీలు చంపిన అరవై లక్షల మందిలో ఎక్కువమంది ఆ భాష వాళ్లే. యిడ్డిష్ రచయిత ఐజాక్ బషేవిస్ సింగర్‌కి 1978లో నోబెల్ వచ్చేసరికి చదివేవాళ్లు ఎంతమంది మిగిలారు?

అలాగని దాన్నీ చచ్చిన భాషల్లో కలిపేయకండి. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో హసిదీ (సంప్రదాయాన్ని గట్టిగా పాటించే యూదు శాఖ) పిల్లలు ఇప్పటికీ యిడ్డిష్‌లోనే పోట్లాడుకుంటారు.