తిరిగొచ్చిన వారి లెక్కేది?

ఇల్లు లేనివారి కోసం నడిచే పథకాల వార్షిక నివేదికలు తిరగేస్తే కొన్ని అంకెలు ఠంచనుగా కనిపిస్తాయి. ఎన్ని పడకలు వేశారు, ఎన్ని దుప్పట్లు పంచారు, ఎన్ని వేల మందికి ‘సేవలు అందాయి’, వచ్చిన నిధుల్లో ఎంత శాతం ఖర్చయింది. ఇవన్నీ యంత్రాంగం పడ్డ శ్రమ తాలూకు లెక్కలు. ఆ శ్రమ వల్ల ఎవరి బతుకు ఏ మేరకు బాగుపడిందో వాటిలో వెతికినా దొరకదు. నిరుడు షెల్టర్‌లో తలదాచుకున్న మనిషి ఇప్పుడు ఓ గదికి తాళం వేసుకుని పనికి వెళ్తున్నాడా, మళ్లీ ఫుట్‌పాత్ మీదికే వచ్చాడా? దీనికి జవాబు చెప్పలేని నివేదికను ఎంత నున్నటి కాగితం మీద అచ్చేస్తే మాత్రం ఏం లాభం?

షెల్టర్ రిజిస్టర్ ఎలా నిండుతుందో చూస్తే చిక్కు ఎక్కడుందో తెలిసిపోతుంది. పేరు, వయసు, వచ్చిన తేదీ, సంతకం... ఈ గడులన్నీ నిండుతాయి. వెళ్లిన తేదీ కూడా చాలావరకు ఉంటుంది. ‘ఎక్కడికి వెళ్లారు’ అన్న గడి దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోతుంది. అద్దెగది దొరికినవాడు, చుట్టాలింటికి చేరినవాడు, ఆస్పత్రి పాలైనవాడు, జైలుకు పోయినవాడు, చివరికి చనిపోయినవాడు కూడా ‘షెల్టర్ వీడినవారు’ అనే ఒకే మొత్తంలో కలిసిపోతారు. ఆ మొత్తం పెరిగితే పథకం బాగా నడుస్తోందని పైవాళ్లు సంబరపడతారు! అదే మనిషి మూడు నెలలకు తిరిగొచ్చి పేరు కాస్త తేడాగా చెబితే కొత్త లబ్ధిదారు అవుతాడు. అంటే పథకం తప్పిన ప్రతిసారీ దాని ఘనత ఒక అంకె పెరుగుతుందన్నమాట.

ఈ లోపాన్ని సరిదిద్దే కొలమానం కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. అమెరికాలో 2009 నాటి చట్టం తర్వాత స్థానిక వ్యవస్థలు మరో రకం లెక్క చెప్పాల్సి వస్తోంది. సగటున ఎన్ని రోజులు ఇల్లు లేకుండా గడిపారు, ఇంటికి చేరినవారిలో ఆరు నెలల్లో, ఏడాదిలో, రెండేళ్లలో ఎందరు వెనక్కి వచ్చారు అన్నవి అందులో ఉంటాయి. అయినా పత్రికల్లో పతాక శీర్షికలకెక్కేది జనవరిలో ఒక్క రాత్రి తీసే తలల లెక్కే. 2024లో అది 7.71 లక్షలు, అంతకుముందు ఏడాది కంటే 18 శాతం ఎక్కువ. ఈ అంకెను చూసి పథకాలన్నీ దండగ అనడం తొందరపాటు. ఎందరిని ఇళ్లకు చేర్చినా, అద్దెలు కట్టలేక కొత్తగా రోడ్డున పడేవారు అంతకుమించి ఉంటే మొత్తం పెరుగుతుంది. వచ్చేవారినీ పోయేవారినీ విడివిడిగా లెక్కిస్తేనే తప్పు పథకానిదో, అద్దెలదో తేలేది.

ఎవరిని లెక్కలోకి తీసుకుంటున్నామన్నది అంతకంటే ముందు తేలాల్సిన సంగతి. తెలిసినవారి ఇళ్లలో సర్దుకుని ఉంటున్నవారిని అమెరికా తీసే ఆ ఒక్క రాత్రి లెక్క పట్టించుకోదు. ఫిన్లాండ్ తన లెక్కలో అలాంటివారినీ కలుపుతుంది. అక్కడ నిరాశ్రయుల్లో ఎక్కువమంది వాళ్లే. ఈ తేడా చెప్పకుండా రెండు దేశాల అంకెలను పక్కపక్కన పెడితే వాదన గెలవొచ్చేమో గానీ విషయం తెలియదు.

అమెరికాలోని యూటా రాష్ట్రం ఉదంతం ఇంకా చేదుగా ఉంటుంది. దీర్ఘకాలంగా వీధుల్లో ఉన్నవారి సంఖ్య పదేళ్లలో 91 శాతం తగ్గిందని 2015లో ఆ రాష్ట్రం ప్రకటించింది. ప్రపంచమంతా శభాష్ అంది. తర్వాత నిపుణులు తరచి చూస్తే, తొలి ఏళ్లలో ఒక రాత్రి లెక్కను ఏడాది అంచనాగా పెంచి చూపారని, ఆపై ఆ పద్ధతి మానేశారని, ఎవరిని లెక్కించాలన్న నిర్వచనమూ మారిందని బయటపడింది. అక్కడ ఎందరికో నిజంగానే ఇళ్లు దొరికాయి. అంకెల గారడీ తోడయ్యేసరికి ఆ మంచి పనిని కూడా జనం అనుమానంగా చూడాల్సి వచ్చింది.

నిక్కచ్చిగా కొలిచినవారూ లేకపోలేదు. కెనడాలో 2009 నుంచి 2013 వరకు అయిదు నగరాల్లో, మానసిక రుగ్మతలున్న రెండు వేల మందికి పైగా నిరాశ్రయులను లాటరీ పద్ధతిలో విడదీసి చూశారు. కొందరికి షరతులేమీ లేకుండా ముందు ఇల్లు ఇచ్చి ఆ తర్వాత వైద్యం, సాయం అందించారు. మిగతావారికి మామూలుగా ఉండే సేవలే. అధ్యయనం చివరి ఆరు నెలలూ పూర్తిగా ఇంట్లోనే ఉన్నవారు మొదటి బృందంలో 62 శాతం, రెండో బృందంలో 31 శాతం. రెండో అంకె లేకపోతే మొదటిదానికి విలువే లేదు. ఏ సాయం లేకున్నా కొందరు ఎలాగోలా నిలదొక్కుకుంటారు. ఆ ఘనత పథకం ఖాతాలో పడకూడదు.

ఇక్కడే మరో మెలిక ఉంది. న్యూయార్క్, ఫిలడెల్ఫియా షెల్టర్ల రికార్డుల మీద 1998లో వెలువడిన పరిశోధన ప్రకారం దాదాపు 80 శాతం మంది కొద్దికాలం ఉండి వెళ్లిపోతారు. పది శాతం మంది మాత్రం మొత్తం పడక దినాల్లో సుమారు సగం వాడుకుంటారు. నిధులను ‘సక్సెస్ రేటు’తో ముడిపెడితే సంస్థలు ఆ 80 శాతం వైపే చూస్తాయి. తాగుడు మానలేనివారు, మతిస్థిమితం లేనివారు, చేతిలో ఏ కాగితమూ లేనివారు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. అందుకే ఎవరిని చేర్చుకున్నారో అడిగినంత గట్టిగా ఎవరిని వెనక్కి పంపారో కూడా అడగాలి.

సమాచారం సేకరించే హక్కుకూ ఓ హద్దు ఉండాలి. కొట్టే భర్త నుంచి పారిపోయి వచ్చిన మహిళ ఏ షెల్టర్‌లో ఉందో కంప్యూటర్ తెర మీద కనబడితే ఆమె ప్రాణానికే ముప్పు. గృహహింస బాధితుల ఆశ్రయాలు పేర్లూ గుర్తింపు వివరాలూ ఉమ్మడి డేటాబేస్‌లో ఎక్కించకూడదని అమెరికా చట్టం నిషేధించింది సరిగ్గా ఇందుకే. ఆ జాగ్రత్త అన్నిచోట్లా కావాలి. పేరు చెప్పనన్నవారికి పడక లేదనకూడదు. షెల్టర్ రికార్డులు పోలీసు వేటకు పనికిరాకూడదు.

ప్రతి పథకమూ ఇంటికి చేరినవారిలో ఏడాదికి, రెండేళ్లకు ఎందరు నిలిచారో ఏటా బయటపెట్టాలన్నది మా డిమాండ్. ఆచూకీ తెలియనివారిని విజయాల్లో కలపకుండా వేరుగా చూపాలి. నిర్వచనం మారితే పాత అంకెలనూ కొత్త పద్ధతిలో తిరిగి లెక్కగట్టాలి. మొదటి ఏడాది ‘ఆచూకీ లేదు’ అన్న గడే అన్నిటికంటే పెద్దదిగా తేలినా ఆశ్చర్యం లేదు. ఆ నెపంతో నిధులు కోస్తే రెండో ఏడాది అందరూ మళ్లీ కాకిలెక్కలకే దిగుతారు. ఇళ్లకు చేరినవారిని రెండేళ్లపాటు వెళ్లి కలిసి, యోగక్షేమాలు కనుక్కునే సిబ్బంది జీతాలకు బడ్జెట్‌లో ఓ పద్దు పెట్టడంతో ఈ పని మొదలుపెట్టొచ్చు.